గుమాస్తాకు మేలు చేసే సాఫ్ట్‌వేర్ కావాలి

సాఫ్ట్‌వేర్ అనగానే మన ఊళ్లలో అందరికీ గుర్తొచ్చేది హైదరాబాదు హైటెక్ సిటీ, బెంగుళూరు, అమెరికా. అది ఇంజనీరింగ్ చదివినవాళ్ల సంగతి, కామర్స్ చదివే మనకు దానితో పనేమిటి అనుకునేవాళ్లు హాస్టల్లో ఇప్పటికీ ఉన్నారు. కానీ చింతలపూడి బజారులో ఎరువుల కొట్టు మొదలు ఏలూరులో ఆడిటర్ ఆఫీసు వరకు, కైకలూరు చేపల మేత డీలరు మొదలు తాడేపల్లిగూడెం ఉల్లిపాయల కమీషన్ కొట్టు వరకు, లెక్క రాసే మనిషి ఈ రోజు ఏదో ఒక సాఫ్ట్‌వేర్ ముందే కూర్చోవలసి వస్తోంది. హాస్టల్లో ఉండి సీఈసీ, బీకాం చదివి బయటికి వెళ్లిన మనవాళ్లలో చాలామందికి దొరికే మొదటి ఉద్యోగం కూడా అదే. కాబట్టి ఆ సాఫ్ట్‌వేర్ ఎలా ఉంది, ఎలా ఉండాలి అన్నది మన పొట్టకూటికి సంబంధించిన విషయం. అందుకే వార్షికోత్సవ సంచికలో దీని గురించి నాలుగు మాటలు చెప్పాలనుకున్నాం.

ఫైనాన్స్ రంగం అంటే షేర్ మార్కెట్టు, పెద్ద బ్యాంకులు అని పేపర్లలో చదువుతాం. మేము మాట్లాడేది ఆ మెట్ల వరసలో అన్నిటికంటే కింద ఉన్నవాళ్ల గురించి. సొసైటీలో గుమాస్తా, డ్వాక్రా సంఘాలకు పుస్తకాలు రాసే అక్క, రైసుమిల్లులో అకౌంటెంటు, ఆడిటర్ దగ్గర అసిస్టెంటు. మా ఇళ్లలో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్లం మేమే. మాకు దొరికిన కుర్చీలు ఇవే. రేపు మీకు దొరికేవి కూడా చాలావరకు ఇవే.

చిట్టా ఆవర్జాల నుంచి ట్యాలీ దాకా

ఇంటర్‌లో మనం చిట్టా, ఆవర్జా, అంకణా, లాభనష్టాల ఖాతా, ఆస్తి అప్పుల పట్టీ వరసగా నేర్చుకున్నాం. ఈ జంటపద్దు విధానాన్ని 1494లో ఇటలీలోని వెనిస్ నగరంలో లూకా పాచియోలి అనే సన్యాసి అచ్చు పుస్తకంలో వివరించాడు. అయిదు వందల ఏళ్లు దాటినా మూలసూత్రం మారలేదు. ప్రతి డెబిట్‌కూ ఒక క్రెడిట్ ఉండాలి. మారింది రాసే పద్ధతి మాత్రమే.

1979లో అమెరికాలో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు విజికాల్క్ అనే ప్రోగ్రాం తయారు చేశారు. ఒక గడిలో అంకె మారిస్తే దాని మీద ఆధారపడిన మొత్తాలన్నీ వాటంతట అవే మారిపోతాయి. ఈ రోజు మనం వాడే ఎక్సెల్‌కు అదే ముత్తాత. మన దేశంలో 1986లో బెంగుళూరులో శ్యామ్ సుందర్ గోయెంకా, ఆయన కుమారుడు భరత్ గోయెంకా కలిసి స్థాపించిన సంస్థ నుంచి ట్యాలీ వచ్చింది. వోచరు ఒక్కసారి కొడితే చాలు, చిట్టా నుంచి ఆవర్జాకు ఎత్తి రాయడం, అంకణా తీయడం, ఆస్తి అప్పుల పట్టీ వేయడం అన్నీ అదే చూసుకుంటుంది. మార్చి నెలాఖరుకు రాత్రింబవళ్లు కూర్చుని కూడికలు వేసే గుమాస్తాకు ఇది ఎంత పెద్ద సాయమో పాత తరం వాళ్లను అడిగితే చెబుతారు.

కాబట్టి మేము సాఫ్ట్‌వేర్‌కు వ్యతిరేకులం కాదు. ఇంకా మంచి సాఫ్ట్‌వేర్ కావాలనే అడుగుతున్నాం. ఎందుకంటే కూడికల బరువు తగ్గిన మాట నిజమే గాని, దాని స్థానంలో కొత్త బరువులు వచ్చి కూర్చున్నాయి.

కొత్త బరువులు ఎక్కడ

మొదట జీఎస్టీ సంగతి చూద్దాం. 2017 జూలై 1న అది అమలులోకి వచ్చింది. నెలనెలా రిటర్ను వేసే వ్యాపారికి అమ్మకాల వివరాలు పైనెల 11వ తేదీకి, పన్ను లెక్క 20వ తేదీకి వెళ్లాలి. మనం కొన్న సరుకు మీద కట్టిన పన్ను మనకు జమ కావాలంటే, అమ్మినవాడు ఆ బిల్లును తన రిటర్నులో చూపించాలి. చూపించిందీ లేనిదీ 2020 నుంచి వస్తున్న జీఎస్టీఆర్-2బి అనే పట్టికలో తెలుస్తుంది. అకౌంటెంటు తన కొనుగోలు రిజిస్టరును ఆ పట్టికతో బిల్లు బిల్లుకూ పోల్చాలి. ఒకరు బిల్లు నంబరు ముందు సున్నా పెడతారు, ఇంకొకరు పెట్టరు. ఒకరు అడ్డగీత పెడతారు, ఇంకొకరు వదిలేస్తారు. మనిషి కంటికి అవి రెండూ ఒకటే. యంత్రానికి రెండు వేరువేరు బిల్లులు. ఇలాంటివి వెతకడానికే నెలలో ఎన్నో రోజులు పోతాయి.

రెండవది బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక. పరీక్షలో పది చెక్కులతో వేసిన లెక్క అది. 2016లో యూపీఐ వచ్చాక చిన్న కిరాణా కొట్టుకు కూడా రోజుకు పదులు, వందల జమలు పడుతున్నాయి. పాతిక రూపాయలకు ఒక వరస, నలభై రూపాయలకు ఒక వరస. ఏది ఏ బిల్లుదో తేల్చాలి.

మూడవది డ్వాక్రా సంఘాల లెక్కలు. పొదుపు, అప్పు వాయిదా, వడ్డీ, బ్యాంకు లింకేజి అన్నీ సభ్యురాలి పాసు పుస్తకంలో రాయాలి, నగదు పుస్తకంలో రాయాలి, లెడ్జరులో రాయాలి, తీర్మానాల పుస్తకంలో రాయాలి. ఇప్పుడు అదే వివరం ఫోను యాప్‌లో కూడా ఎక్కించాలి. సాయంగా రావలసిన యాప్ అయిదో పుస్తకమై కూర్చుంది. ఆ అక్కకు వచ్చే గౌరవ వేతనం మాత్రం అయిదు రెట్లు కాలేదు.

నాలుగవది మన ప్రాంతపు వ్యాపారాల తీరు. కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువు లెక్క నెలవారీ లెక్క కాదు. లీజు ముందు కట్టాలి, పిల్ల వెయ్యాలి, నెలల తరబడి మేత డీలరు అప్పు మీద మేత ఇస్తాడు. పట్టుబడి నాడు చేపలు అమ్మితేనే అసలు లెక్క తేలేది. ఏ చెరువుకు ఎంత మేత పడింది, ఎంత అప్పు ఉంది అని చెరువు వారీగా చూపించాలి. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల లాటు అమ్మితే కమీషను, హమాలీ, కాటా ఖర్చు పోను రైతుకు పట్టీ ఇవ్వాలి. మన మెట్టలో పామాయిల్ గెలలకు తూకం, ప్రకటించిన ధర, కోతలు చూసి చెల్లింపు లెక్క కట్టాలి. బజారులో దొరికే మామూలు సాఫ్ట్‌వేర్ ఇవి దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. అందుకే గుమాస్తా ట్యాలీ ఒకవైపు, ఎక్సెల్ ఒకవైపు, చేతి పుస్తకం ఒకవైపు పెట్టుకుని మూడు చోట్ల రాస్తున్నాడు.

మా కోరికలు నాలుగు

ఒకటి. ఒకసారి రాసిన వివరం రెండోసారి రాయించకూడదు. బ్యాంకు స్టేట్‌మెంట్ నేరుగా తీసుకుని, అదే మొత్తం ఉన్న బిల్లుతో జత కలిపి, సందేహం ఉన్నవి మాత్రమే మనిషి ముందు పెట్టాలి. ఈ పని చేసే సాధనాలు పట్నాల్లోని పెద్ద కంపెనీల దగ్గర ఇప్పటికే ఉన్నాయి. బిల్లును ఫోనుతో ఫొటో తీస్తే చదివి అంకెలు నింపేవి కూడా వచ్చాయి. అవి తప్పు చదివే వీలు ఉంది కాబట్టి చివరి సంతకం మనిషిదే కావాలి. ఎత్తి రాసే చాకిరీ యంత్రానికి, ఆలోచించే పని మనిషికి. ఇదీ న్యాయమైన పంపకం.

రెండు. తెలుగులో ఉండాలి. 1991లో యూనికోడ్ మొదటి రూపంలోనే తెలుగు అక్షరాలకు చోటు దొరికింది. అయినా లెక్కల సాఫ్ట్‌వేర్లలో తెలుగు పేరు ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కో రకంగా కొడుతున్నారు. సత్యనారాయణ అన్న పేరుకు ఎన్ని స్పెల్లింగులు ఉన్నాయో లెక్కలేదు. టెన్త్ మెమోలో ఒక స్పెల్లింగు, ఆధార్‌లో ఇంకో స్పెల్లింగు ఉండి స్కాలర్‌షిప్ కోసం తిరగడం ఎలా ఉంటుందో హాస్టల్ విద్యార్థులకు ఎవరూ చెప్పనక్కరలేదు. సొసైటీలో రైతు అప్పు ఖాతాకు కూడా అదే గతి. తన ఖాతా తాను చదువుకోగలిగితే తప్పును మొదట పట్టుకునేది ఆ రైతే.

మూడు. దిద్దిన గుర్తు చెరగకూడదు. పాత రోజుల్లో పుస్తకంలో తప్పు రాస్తే చెరపనిచ్చేవారు కాదు. అడ్డంగా గీత కొట్టి, పైన సరైన అంకె రాసి, పక్కన సంతకం చెయ్యాలి. కంప్యూటర్‌లో చెరిపేస్తే చెరిపినట్టే తెలియదు. దీని ఫలితం ఎంత దూరం పోతుందో తెలుగువాళ్లం మనకు బాగా తెలుసు. 2009 జనవరి 7న హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ అధిపతి, లెక్కల్లో చూపించిన 5,040 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలు అసలు లేవని స్వయంగా లేఖ రాశారు. ఆ కంపెనీ సొంత బిల్లుల సాఫ్ట్‌వేర్‌లోనే దొంగ బిల్లులు పెట్టి, మామూలు ఉద్యోగుల కంటికి కనపడకుండా దాచారని తరువాత దర్యాప్తులో బయటపడింది. ఇప్పుడు 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ, అది జరిగిన తేదీతో సహా నమోదు కావాలని, ఆ నమోదును ఆపేసే వీలు ఉండకూడదని నియమం వచ్చింది. మంచిదే. కానీ అది కంపెనీల చట్టం కింద ఉన్న నియమం. మన సొసైటీలకు, కమీషన్ కొట్లకు, భాగస్వాముల వ్యాపారాలకు అది వర్తించదు. అక్కడ కూడా ఆ ఏర్పాటు కావాలి.

మాలో కొందరు పనిచేసిన చోట్ల ఒకే పాస్‌వర్డుతో నలుగురు ఎంట్రీలు వేసేవారు. నెలాఖరుకు తేడా వస్తే జీతం కోత పడింది కొత్తగా చేరిన కుర్రాడికే. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో సాఫ్ట్‌వేర్ చెప్పగలిగి ఉంటే ఆ కుర్రాడికి ఆ కోత పడేది కాదు. పేదవాడికి దిద్దుబాటు నమోదు ఒక రక్షణ.

నాలుగు. తేడా వస్తే మనిషిని అనుమానించినట్టే యంత్రాన్ని కూడా అనుమానించాలి. ఇది చాలా ముఖ్యమైన కోరిక. దీనికి బ్రిటన్‌లో జరిగిన కథ చెప్పాలి.

బ్రిటన్ నేర్పిన పాఠం

బ్రిటన్ పోస్టాఫీసు 1999 నుంచి తన బ్రాంచీలన్నిటిలో హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టింది. ఫుజిట్సు అనే పెద్ద కంపెనీ దాన్ని నడిపింది. అందులోని లోపాల వల్ల కౌంటరులో ఉండవలసిన డబ్బు తగ్గినట్టు తెర మీద కనిపించేది. బ్రాంచి నడిపే సబ్ పోస్ట్‌మాస్టర్లు మేము తీయలేదు మొర్రో అని మొత్తుకున్నా ఎవరూ వినలేదు. కంప్యూటర్ తప్పు చెప్పదన్నారు. కొందరు ఇల్లు తాకట్టు పెట్టి లేని లోటు పూడ్చారు. 2015 వరకు 900 మందికి పైగా దొంగతనం, తప్పుడు లెక్కలు వంటి నేరాల కింద దోషులుగా నిలబడ్డారు. వాళ్లలో భారతదేశం నుంచి వెళ్లిన కుటుంబాలవాళ్లు కూడా ఉన్నారు. సీమా మిశ్రా అనే ఆమె 2010లో కడుపుతో ఉండగానే జైలుకు వెళ్లింది.

అలన్ బేట్స్ అనే మాజీ సబ్ పోస్ట్‌మాస్టరు ముందు నిలబడి 555 మందిని కూడగట్టి కేసు వేశాడు. 2019 డిసెంబరులో లండన్ హైకోర్టు, సాఫ్ట్‌వేర్‌లో లోపాలు ఉన్నాయని, బ్రాంచి లెక్కలను ఎక్కడో కూర్చున్న కంపెనీ ఉద్యోగులు మార్చగలిగేవారని తేల్చింది. సీమా మిశ్రా శిక్ష 2021లో రద్దయింది. 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి వందలమంది శిక్షలను ఒక్కసారిగా కొట్టివేసింది. జైలులో గడిచిన రోజులు మాత్రం తిరిగి రాలేదు.

ఇది పరాయి దేశపు కథే గదా అనుకోకండి. 2005లోనే వైద్యనాథన్ కమిటీ సహకార పరపతి సంఘాలకు ఒకే తీరు లెక్కల పద్ధతి, కంప్యూటర్లు కావాలని చెప్పింది. చివరికి 2022 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం దేశంలోని 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాల కంప్యూటరీకరణకు 2,516 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. నాబార్డు ఆధ్వర్యంలో అన్ని సొసైటీలకూ ఒకే సాఫ్ట్‌వేర్ అన్నది దీని ఉద్దేశం. రైతుకు ఇది మంచి పథకం. అప్పు బాకీ ఎంతో, వాటా ధనం ఎంతో, వడ్డీ ఎంతో దాపరికం లేకుండా తెలుస్తుంది. ఇష్టమొచ్చినట్టు రాసుకునే పుస్తకాలకు కాలం చెల్లుతుంది. కానీ ఏళ్ల తరబడి చేతిరాత పుస్తకాల్లో ఉన్న నిల్వలను తెర మీదికి ఎక్కించేది చిన్న జీతపు గుమాస్తా. పాత పుస్తకంలో తప్పు ఉన్నా, సాఫ్ట్‌వేర్‌లో తప్పు ఉన్నా, తేడా కనిపించేది ఆయన కుర్చీ దగ్గరే. ఆ కుర్చీలో మన అన్నో చెల్లెలో ఉంటారు. తేడా వచ్చిన రోజున ఫిర్యాదు ఎవరికి చెయ్యాలి, ఎన్ని రోజుల్లో జవాబు రావాలి, అంతవరకు గుమాస్తా మీద చర్య ఉండకూడదు అన్న నియమాలు సాఫ్ట్‌వేర్‌తో పాటే రావాలి.

ఉద్యోగాలు పోతాయా

చాలామంది అడిగే ప్రశ్న ఇది. 1984లో రంగరాజన్ కమిటీ బ్యాంకుల్లో కంప్యూటర్లు పెట్టాలని సిఫార్సు చేసిన రోజుల్లో బ్యాంకు ఉద్యోగుల సంఘాలు ఉద్యోగాలు పోతాయని గట్టిగా భయపడ్డాయి. లెడ్జరులో ఎత్తి రాసే పని నిజంగానే పోయింది. అప్పు దరఖాస్తు పరిశీలించడం, ఖాతాదారుకు సమాధానం చెప్పడం, మోసం పట్టుకోవడం మిగిలాయి, పెరిగాయి కూడా. ఇప్పుడు కూడా అంతే జరుగుతుందని మా అభిప్రాయం. అంకెలు కొట్టడమే వచ్చినవాడికి కష్టకాలం వస్తుంది. ఆ అంకె ఎందుకు వచ్చిందో చెప్పగలిగినవాడికి పని ఉంటుంది. మూడు నెలల కోర్సు చేసి సర్టిఫికెట్ పట్టుకొస్తే ఉద్యోగం ఖాయం అని బోర్డులు పెట్టే కోచింగ్ సెంటర్లు ఈ తేడా చెప్పవు. మీటలు నేర్పుతాయి, లెక్క నేర్పవు.

లెక్క వచ్చినవాడి బలం ఎంతో ఒక విద్యార్థి నిరూపించాడు. 2010లో ఇద్దరు ప్రసిద్ధ ఆర్థికవేత్తలు, దేశాల అప్పు బాగా పెరిగితే అభివృద్ధి కుంటుపడుతుందని ఒక పరిశోధన పత్రం రాశారు. ప్రభుత్వాలు దాన్ని చూపించి ఖర్చులు తగ్గించుకున్నాయి. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి క్లాసులో ఇచ్చిన పనిగా ఆ లెక్కను మళ్లీ వేసి చూశాడు. కుదరలేదు. ఎక్సెల్ పట్టికలో సగటు తీసేటప్పుడు అయిదు దేశాల వరసలు వదిలేశారని కనిపెట్టాడు. ఇంకా కొన్ని లోపాలూ బయటపడ్డాయి. అంత పెద్ద ప్రొఫెసర్ల లెక్కను ఒక విద్యార్థి సరిచూసి తప్పు పట్టగలిగాడు. ఎక్సెల్ అందరిదీ ఒక్కటే. తేడా అల్లా కూర్చుని సరిచూసే ఓపికలో ఉంది.

మనం చేయవలసినవి

ప్రభుత్వాన్ని, కంపెనీలను అడగవలసినవి అడుగుదాం. ఈలోగా మన చేతుల్లో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి.

ముందు జంటపద్దు విధానం కాగితం మీద గట్టిగా నేర్చుకుందాం. తరువాతే కంప్యూటర్ ముందు కూర్చుందాం. డబ్బు లేదని ఆగనక్కరలేదు. లిబ్రే ఆఫీస్ కాల్క్, గ్నూ క్యాష్ ఉచితంగా దొరుకుతాయి. ట్యాలీని కూడా నేర్చుకోవడానికి ఎడ్యుకేషన్ మోడ్‌లో లైసెన్సు కొనకుండా వాడుకోవచ్చు. నెలలో కొన్ని తేదీలకే వోచర్లు వేయనిస్తుంది, అభ్యాసానికి అది చాలు.

రెండవది, హాస్టల్ మెస్ కమిటీ ఉంది. నెలకు ఎన్ని బియ్యం వచ్చాయి, ఎంత పప్పు ఖర్చయింది, ఎన్ని గుడ్లు, ఎందరు హాజరు. ఈ లెక్కను కామర్స్ విద్యార్థులు వార్డెన్ గారి అనుమతితో కంప్యూటర్‌లో వేసి, నెలాఖరుకు తెలుగులో నోటీసు బోర్డు మీద అంటించవచ్చు. నేర్చుకున్నట్టూ ఉంటుంది, మన కంచం లెక్క మనకు తెలిసినట్టూ ఉంటుంది. పూర్వ విద్యార్థులం మేము నెలకు రెండు ఆదివారాలు వచ్చి కూర్చుని నేర్పడానికి సిద్ధంగా ఉన్నాం.

మూడవది, ఉద్యోగంలో చేరిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. మీ పాస్‌వర్డు ఎవరికీ చెప్పకండి. సొంత లాగిన్ ఇమ్మని అడగండి. తేడా కనిపించిన రోజే తేదీ వేసి కాగితం మీద రాసి పైవారికి ఇచ్చి, నకలు దగ్గర ఉంచుకోండి. మొహమాటపడితే నష్టపోయేది మనమే.

మన హాస్టళ్లలో ప్రతి సంవత్సరం బాబాసాహెబ్ అంబేద్కర్ చిత్రపటానికి దండ వేస్తాం. రాజ్యాంగ నిర్మాతగా ఆయనను తలుచుకుంటాం. ఆయన చదువులో పెద్ద భాగం డబ్బు లెక్కల మీదే నడిచిందని మాత్రం తక్కువమందికి తెలుసు. 1915లో కొలంబియాలో ఎం.ఏ. కోసం ఈస్టిండియా కంపెనీ పరిపాలన, ఆర్థిక వ్యవహారాల మీద రాశారు. 1923లో రూపాయి సమస్య మీద, 1925లో రాష్ట్రాల ఆర్థిక వ్యవహారాల పరిణామం మీద ఆయన గ్రంథాలు వెలువడ్డాయి. ఆ 1925లోనే ఆయన స్థాపించిన సభ షోలాపూర్‌లో అణగారిన కులాల విద్యార్థుల కోసం హాస్టల్ తెరిచింది. పాలకుల పద్దులు విప్పి చదివి, డబ్బు ఎవరి దగ్గర నుంచి వచ్చి ఎవరి దగ్గరికి పోతోందో అడిగిన మనిషి ఆయన.

మన తాతలు వడ్డీవ్యాపారి పుస్తకంలో ఏం రాశాడో తెలియక వేలిముద్ర వేశారు. మనం తెర మీద ఏముందో తెలియక మీట నొక్కితే దానికీ దీనికీ పెద్ద తేడా ఉండదు. మిత్రులారా, సాఫ్ట్‌వేర్ రావాలి, మన భాషలో రావాలి, గుమాస్తా భుజం మీది బరువు దించాలి. దాని లోపలి లెక్క చదవగలిగే పిల్లలు ఈ హాస్టల్ నుంచి ప్రతి ఏటా బయటికి రావాలి.